కాంటా లీలమ్మ పత్తాలు నేర్చుకున్న నాడు

జనగామ పాత బజార్ల "లీలమ్మ దుకాణం ఏడ?" అని అడిగితే జనం తల గోక్కుంటరు. "కాంటా లీలమ్మ" అనుండ్రి, కండ్లు మూసుకొని తొవ్వ చూపిస్తరు. ఆ పేరు ఊకనే రాలే. పెండ్లయి వచ్చిన సంది ఆమె కూసున్నది కాంటా ముంగటనే. పిడికెడు పెసలు చేతుల పట్టి ఇంత ఉన్నయి అన్నదంటే అంతే ఉంటయి. పేరంటాలకు పోయినప్పుడు కొంగుల పోసిన శనగలు సుత ఒకపారి ఎగరేసి చూసుకునేది. అంతెందుకు, కొడుకు పృథ్వీ పుట్టినప్పుడు పురుడు స్నానం కాంగనే తీస్కపోయి కాంటా పల్లెంల పండవెట్టింది. పసిగుడ్డును తూకం ఏస్తరా, దిష్టి తాకదా అని అత్త నెత్తీ నోరూ కొట్టుకున్నది గని, లీలమ్మ ఇంటేనా.

ఆ మాటకొస్తే తప్పు అత్తదే. లీలమ్మ పుట్టింది గోదారి దిక్కు మహదేవపూర్ల, చిన్న కిరాణం కొట్టోల్ల ఇంట్ల. నర్సింగరావును చేసుకొని జనగామ వచ్చిన కొత్తల్ల అత్త ఆమెను కాంటా ముంగట కూసోవెట్టి ఒక్కటే మాట చెప్పింది. "కోడలా, తూకం లేని సరుకే తగువుకు మొదలు. కన్నతల్లి తెచ్చినా కాంటా మీద పెట్టినంకనే లోపలికి తీస్కో." లీలమ్మ ఆ మాటను తాళిబొట్టు తోని పాటు మెడల కట్టుకున్నది. నర్సింగరావు మెత్తటి మనిషి, పేపర్ చదువుకుంట కూసుంటడు. దుకాణం నిలవెట్టింది లీలమ్మనే. తూకంల ఆమె ఒక్కనాడు మోసం చెయ్యలే, ఒక్కనాడు మోసపోలే. అది నిజం. నిజం చెప్పకపోతే నా నాలుకకే పాపం.

కని మనిషన్నంక ఏడనో ఒకకాడ తప్పటడుగు పడ్తది. ఆమెకు ఆ అడుగు వియ్యపురాలి దగ్గర పడ్డది.

పృథ్వీ హన్మకొండల చదువుకునేటప్పుడు కల్యాణి అనే పిల్లను ఇష్టపడ్డడు. మానుకోట దగ్గరి తండా పిల్ల, లంబాడోల్ల బిడ్డ. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తరు గని మా నోట్ల అది మానుకోటనే. లీలమ్మ ఏడాది దాంక ముక్కు చీదింది, మూతి తిప్పింది, నలుగురు ఏమనుకుంటరని పరేషాన్ అయింది. ఆఖరికి ఒప్పుకున్నది. పెండ్లి మంచిగనే అయింది, కోడలు ఇంటికొచ్చింది, ఇగ అంతా సల్లవడ్డదనుకున్నరు.

అప్పుడు కల్యాణి తల్లి గంగి బిడ్డను చూద్దామని మొదటిసారి జనగామ వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఆమె పెనిమిటి భోజ్యా భూపాలపల్లి బొగ్గుబాయిల పనికి పోతడు, వారానికొకపారి వస్తడు. గంగి చేన్ల పండిన కందులు చెరిగి, రాళ్లు ఏరి, సంచిల పోసుకొని, సంచిని సంకల పెట్టుకొని బస్సు దిగింది. ఇల్లు దుకాణం వెనుకనే, కాబట్టి దుకాణంల నుంచే లోపలికి పోవాలె. గంగి నవ్వుకుంట సంచి కింద పెట్టింది. లీలమ్మ లేచింది, "రా వదినె, రా" అన్నది, సంచి ఎత్తింది, కాంటా మీద పెట్టింది. పెట్టి, ముల్లు చూసుకుంటనే అడిగింది, "ఏ రేటు ఏసుకోమంటవు?"

చూసిన్రా? ఓ లీలమ్మా, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది గద. తల్లి బిడ్డ కోసమని తెచ్చిన కందులకు రేటు కడ్తవా?

గంగి కాంటా మీది నుంచి సంచి తీస్కున్నది, సంకల పెట్టుకున్నది, వచ్చిన తొవ్వనే మల్ల బస్టాండుకు పోయింది. బిడ్డ మొకం సుత చూడలే. లీలమ్మకు ఏం జరిగిందో సాయంత్రం దాంక సమజ్ కాలే. "మంచి రేటే ఇద్దును గదా, గింత దానికి అలుగుడేంది?" అన్నది. ఆ మాట కల్యాణి చెవిల పడ్డది. ఆ పిల్ల నాలుగొద్దులు అన్నం సగంల లేచింది.

తండాల గంగి ఊకుండలే. వాళ్ల దేవుడు సేవాలాల్ ముంగట నిలబడి మల్ల ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నది. లీలమ్మ కొడుకు తోని కబురు చెప్పి పంపింది, ఫోన్ చేయించింది. ఉలుకు లేదు, పలుకు లేదు. మానుకోట దవాఖానల కల్యాణికి ఆడపిల్ల పుట్టినప్పుడు లీలమ్మ పోతే, గంగి కుర్చీ ఏసింది, చాయ్ తెప్పించింది, కని మొకం ఎత్తి చూడలే.

ఇప్పుడు మనుమరాలికి ఐదో నెల. తల్లిగారింటి నుంచి బాలింతను, బిడ్డను తీస్కొచ్చే ఏళ అయింది. కల్యాణి ఫోన్ల పృథ్వీకి ఖరాఖండిగ చెప్పింది. "మా యాడి బిడ్డను ఎత్తుకొని మీ గడప దాటాలె. గప్పుడే నేను వస్త. తల్లి రాని ఇంట్ల నా బిడ్డను ఎట్ల పెంచుత?" యాడి అంటే వాళ్ల బాషల అమ్మ. పృథ్వీ ఆ మాట తెచ్చి తల్లి ముంగట పెట్టిండు. నర్సింగరావు పేపర్ మడిచి పక్కన పెట్టి, "నువ్వు చేసిందే, నువ్వే పోయి సక్కజేసుకో" అన్నడు. ముప్పై ఏండ్లల్ల ఆ మనిషి పెండ్లాంను అన్న గట్టి మాట అదొక్కటే.

మాఘమాసంల ఒకనాడు తల్లీ కొడుకు పొద్దుగాల రైలెక్కి మానుకోటల దిగిన్రు, ఆటో మాట్లాడుకొని తండాకు పోయిన్రు. రైలుల కూసున్నంత సేపు లీలమ్మ ఒకటే లెక్క ఏసుకున్నది. గంగి రానంటే మనుమరాలు రాదు. మనుమరాలు రాకపోతే ఇంట్ల ఆ ఉయ్యాల ఎందుకు, ఆ దుకాణం ఎందుకు? చేతులు కాలినంక ఆకులు పట్టుకొని ఏం ఫాయిద అని తనను తనే తిట్టుకున్నది.

గంగి కాళ్లకు నీళ్లిచ్చింది. మంచం మీద బొంత ఏసి కూసోమన్నది. లీలమ్మ వాళ్లు నీసు ముట్టరని యాది పెట్టుకొని కొత్త గిన్నెలు కొని, అండ్లనే పుంటికూర పప్పు చేసింది, జొన్నరొట్టెలు చేసింది. ఆ గిన్నెలకు దుకాణపోడు అంటించిన కాయితం ముక్క ఇంక సగం పోలే. లీలమ్మ అది చూసింది. ఆ కాయితం మీద వేలు పెట్టి తడిమింది.

తిన్నరు. చేతులు కడుక్కున్నరు. పృథ్వీ అత్తను ఏమని అడగాల్నో తెల్వక గోడకేసి చూసిండు. ఆఖరికి లీలమ్మనే అడిగింది. "వదినె, మూడు దాంక వర్జ్యం ఉన్నది. ఆ ఎనుక బయలెల్లుదాం. నువ్వు గూడ రావాలె."

గంగి బిడ్డను ఉయ్యాలల ఊపుకుంట, "వర్జ్యం పోనీ, చూద్దాం" అన్నది. వస్త అనలే, రాను అనలే.

ఇగ చూడుండ్రి, ఆ ఇంట్ల ఎట్లున్నదో. నలుగురు పెద్దమనుషులు, ఒక ఉయ్యాల, మాట లేదు ముచ్చట లేదు. కల్యాణికి ఊపిరాడలే. గోడ దిగుట్ల నుంచి పత్తాల కట్ట, అదే పేకముక్కలు, తీసి నడుమ ఏసింది. "మూడయ్యేదాంక ఒకరి మొకం ఒకరు చూసుకుంట ఎందుకు కూసునుడు? ఏడు ఆట ఆడుదాం."

లీలమ్మ గతుక్కుమన్నది. పత్తాలంటే కొంపలు ముంచేటియని పుట్టినింట్ల నేర్పిన్రు. పుట్టి బుద్ధెరిగినంక ఒక్క పత్తా ముట్టలే. "నాకు రాదు బిడ్డా" అన్నది.

"పైసల ఆట కాదత్తమ్మా. ఇంటాట. మీకు గంటల వస్తది."

రాదంటే గంగి ఏమనుకుంటదో అని లీలమ్మ కొంగు దోపుకొని చాప మీదికి జరిగింది. కల్యాణి నేర్పింది. పత్తాలన్నీ పంచాలె. ఆఠీను ఏడు ఎవరికి వస్తే వాళ్లు మొదలు పెట్టాలె. దాని కిందికి ఆరు, ఐదు, నాలుగు అనుకుంట ఒకటి దాంక దిగాలె. మీదికి ఎనిమిది, తొమ్మిది అనుకుంట రాజు దాంక ఎక్కాలె. ఇస్పేటు, కళావరు, డైమన్ గూడ అంతే, ఏడు పడ్డంకనే దారి తెరుసుకుంటది. ఏసెటందుకు ఏమీ లేకుంటే పాస్ అనాలె. ఎవరి చెయ్యి ముందుగాల ఖాళీ అయితే వాళ్లు గెలిచినట్టు.

"అయితే నా దగ్గర ఆరు ఉన్నదనుకో, అది ఎయ్యకుంట ఇంకోటి ఏస్తే?" అని అడిగింది లీలమ్మ.

"ఐదు ఉన్నోళ్లు, నాలుగు ఉన్నోళ్లు ఆగిపోతరు" అన్నడు పృథ్వీ.

లీలమ్మ కండ్లు మెరిసినయి. సరుకు బిగబట్టి రేటు ఎక్కినంక ఇడుసుడు ఆమెకు ఎవరు నేర్పాలె? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటరు. ఆట మొదలైంది. ఇస్పేటు ఆరు ఆమె చేతుల పడ్డది. పడ్డదాన్ని పిల్లి కూన లెక్క పొట్టకు అదుముకున్నది. డైమన్ ఏసింది, ఆఠీను ఏసింది, ఇస్పేటు ఆరు మాత్రం కదల్చలే. అవతల గంగి "పాస్" అన్నది. మల్లొకపారి "పాస్" అన్నది. చేతుల ఇస్పేట్లు పట్టుకొని ఊకనే కూసున్నది. మొదటి ఆట లీలమ్మ గెలిచింది.

రెండో ఆటా ఆమెనే గెలిచింది, రెండాటలల్ల తను పాస్ అన్నప్పుడల్లా ఎంటనే దారి తెరుసుకున్నది. గెలుస్తుంటే వచ్చిన పని సుత మరిచిపోయింది. పత్తాలను రెండు చేతులతోని పట్టుకునుడు రాక ఒక్కొక్కటి జారవిడుసుకుంట, ఇస్పేటును కళావరు అనుకుంట, అందరినీ నవ్వించింది. గంగి గూడ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొనే గని, నవ్వింది. "వదినె కాంటా ఏసే ఆడ్తది" అన్నది. ఆ మాట ఇనంగనే లీలమ్మ చేతులు ఆగినయి. అయినా ఆట నడుస్తనే ఉన్నది.

మూడో ఆటల లీలమ్మ చేతుల ఒక్క పత్తా మిగిలింది, కళావరు తొమ్మిది. ఎనిమిది ఎవరో బిగబట్టిన్రు. లీలమ్మ "పాస్" అన్నది. పృథ్వీ ఏదో ఏసిండు. గంగి చేతుల రెండే పత్తాలు. ఒక్క గడియ చూసి కళావరు ఎనిమిది కింద పెట్టింది. కల్యాణి తనదేదో ఏసింది. లీలమ్మ తొమ్మిది ఏసి చెయ్యి ఖాళీ చేసుకున్నది. మూడో ఆటా గెలిచింది.

పత్తాలు కూడేసేటప్పుడు గంగి చేతుల మిగిలిన పత్తా తిరగవడ్డది. డైమన్ మూడు. లీలమ్మ చాప మీద చూసింది. డైమన్ నాలుగు ఎప్పుడో పడ్డది, మూడుకు దారి తెరిచే ఉన్నది. ఎవుసం మనిషి మేఘం చూసినట్టు, దుకాణం మనిషికి లెక్క కండ్లల్లనే ఉంటది.

"ఇదేంది వదినె? ముందుగాల నువ్వు మూడు ఏస్తే నేను మల్ల పాసే అంటుంటి. మల్లొచ్చినప్పుడు ఎనిమిది ఏసి నువ్వే గెలుస్తుంటివి."

గంగి పత్తాలు సదురుకుంట, "ఏమో, చూసుకోలే" అన్నది.

కల్యాణి ఆగలే. "చూసుకోకపోవుడు కాదత్తమ్మా. మా ఇంట్ల చుట్టం పాస్ అన్నదంటే, బిగబట్టిన పత్తా ఉన్నోళ్లు ఇడిసిపెట్టాలె. తను ఓడిపోయినా సరే. అది మా యాడి పెట్టిన కానూను."

"మరి నాకు చెప్పలే గద?"

"చుట్టానికి చెప్పద్దు. చెప్తే చేసిన మర్యాదకు లెక్క రాసినట్టయితది."

లీలమ్మ ఆ డైమన్ మూడును చేతిలకు తీస్కున్నది. "మూడాటలూ గట్లనేనా?" అన్నది. కల్యాణి తల దించుకున్నది. అంటే అంతే అన్నట్టు. లీలమ్మ తన తెలివి అనుకున్నదంతా గంగి ఇచ్చిన దారి. ఇటు లీలమ్మ ఆమె దారిల ఇస్పేటు ఆరు అడ్డం పెట్టి కూసున్నది, అటు ఆమె లీలమ్మకు దారి ఇచ్చుకుంటనే వచ్చింది. లీలమ్మ మొకం సిగ్గుతోని కందిపోయింది.

"ఈ కానూను ఏడ నేర్చినవు వదినె?" అని మెల్లగ అడిగింది.

గంగి ఉయ్యాల దిక్కు చూసుకుంట చెప్పింది. ఆమె తెలుగు ఆగి ఆగి వస్తది, కని వచ్చిందంటే సూటిగ వస్తది. "మీ మాదేవపూర్ దిక్కే. కాళేశ్వరం కాడ కాలువ పనులు నడిచినప్పుడు నేను, భోజ్యా మట్టి పనికి పోయినం. రేకుల గుడిసెల్ల ఉన్నం. ఒరిస్సోళ్లు, బీహారోళ్లు, మేము. ఒకరి మాట ఒకరికి రాదు. వాన పడి పని బంద్ అయిననాడు ఇదే ఆట. అండ్ల ఒక ముసలాయన ఉండె. కొత్తగ వచ్చినోడు పాస్ అంటే పాతోడు దారి ఇయ్యాలె అన్నడు. కొత్తోడు ఊరు ఇడిసి, ఇల్లు ఇడిసి వస్తడు. ఆటల గూడ దారి దొరకకుంటే తెల్లారి మూట కట్టుకొని పోతడట."

గంగి ఉయ్యాల ఇంకో రెండుసార్లు ఊపింది. అప్పుడన్నది, "ఆనాడు నీ గడపకు నేనూ కొత్తగ వచ్చినదాన్నే గద వదినె."

కోపంగ అనలే. కోపంగ అన్నా లీలమ్మ తట్టుకుంటుండె. మామూలుగ, ఉప్పు అందుకో అన్నట్టు అన్నది. లీలమ్మకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ సంచి, ఆ నవ్వు మొకం, కాంటా ముల్లు, ఏ రేటు అన్న తన నోరు, అన్నీ ఒకటేసారి కండ్ల ముంగటికి వచ్చినయి. ఇన్నొద్దులు ఆమె అలిగిందనుకున్నది. ఆమె దారి దొరకక మూట కట్టుకొని పోయిందని ఇప్పుడు సమజైంది.

లీలమ్మ చాప మీద జరిగి జరిగి పోయి గంగి రెండు చేతులూ పట్టుకున్నది. "తప్పైంది వదినె. తల్లి తెచ్చినదాన్ని తూకం ఏసిన. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అని అడిగే మొకం సుత నాకు లేదు. నేను పాస్. నా చేతుల ఏం లేదు. దారి నీ దగ్గరనే ఉన్నది."

గంగి చేతులు ఇడిపించుకోలే. ఆ ఎనుక లేచి లోపలికి పోయింది. లోపల నిప్పుల మీద నెయ్యి, బెల్లం పడ్డ వాసన వచ్చింది. కల్యాణి మెల్లగ చెప్పింది, "సేవాలాల్‌కు భోగ్ ఇస్తుంది అత్తమ్మా, మీ నైవేద్యం లెక్క. ఒట్టు ఇడిపించుకుంటుంది." లీలమ్మ కూసున్నకాడనే రెండు చేతులు జోడిచ్చింది. ఏ దేవునికి మొక్కుతున్నదో ఆమెకే తెల్వదు. ఎవరైతేంది, ఆ పూట తన మొర ఇన్నడు.

గంగి బయటికొచ్చింది. మంచి చీర కట్టుకున్నది. ఒక చేత కందుల సంచి ఉన్నది. "ఈయేడు పంట" అని అల్లుని భుజానికి ఎత్తింది. ఉయ్యాలల నుంచి మనుమరాలిని తీసి తన భుజాన ఏసుకున్నది.

తిరుగు రైలుల లీలమ్మ నర్సింగరావుకు ఫోన్ చేసింది. "కాంటాను గడప ముంగట నుంచి తీసి లోపల పెట్టుండ్రి" అన్నది. అవతల నర్సింగరావు బెదిరిపోయి, "ఏమైంది, దుకాణం బంద్ పెడ్తున్నమా?" అన్నడు. గంగి పక్కనే కూసొని అంతా ఇన్నది. కిటికీ దిక్కు మొకం తిప్పుకొని నవ్వుకున్నది.

జనగామల దీపాలు పెట్టే ఏళకు ఇల్లు చేరిన్రు. దుకాణంల హమాలీ మల్లేశం బస్తాలు సదురుతున్నడు. నర్సింగరావు కాంటాను మూలకు జరిపి, దాని మీద గోనెపట్టా కప్పి, పక్కన ఏం తోచక నిలబడ్డడు. లీలమ్మ ముందుగాల లోపలికి పోయి హారతి తెచ్చింది. కోడలికి, మనుమరాలికి దిష్టి తీసింది. గంగి నుదుట బొట్టు పెట్టింది. గంగి బిడ్డతోని కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. కల్యాణి వెనుకనే దాటింది, తల్లి కొంగు పట్టుకొని, చిన్నపిల్ల లెక్క.

పృథ్వీ సంచి దించి, ఏడ పెట్టాలె అన్నట్టు తల్లిని చూసిండు. అలవాటైన చేతులు కదా, లీలమ్మవి ఒక్కసారి సంచి దిక్కు లేచినయి. మల్ల ఆగినయి. ఆమె గంగి ముంగట నేల మీద కూసున్నది, ఒడిబియ్యం పట్టినట్టు రెండు చేతులతోని కొంగు పరిచింది. "నా ఒళ్ల పొయ్యి వదినె."

గంగి మనుమరాలిని బిడ్డ చేతికిచ్చింది. సంచి మూతి ఇప్పి దోసిట్లతోని పోసింది. ఎర్రటి కందులు గలగల పడ్డయి. లీలమ్మ ఒడి నిండింది. ఇంక పోసింది. కొంగు పక్కకు కొన్ని రాలినయి, రాలితే రాలనీ అన్నది లీలమ్మ. ఆ మాట ఆ దుకాణంల అంతకు ముందు ఎవ్వరూ ఇనలే.

మల్లేశం ఊకుండలేకపోయిండు. ఏండ్లకొద్ది ఆమె చేతి తూకం చూసినోడు. "మంచి కందులు. ఎన్ని కిలోలు ఉంటయమ్మా?" అన్నడు.

లీలమ్మ ఒడిని రెండు చేతులతోని పొట్టకు హత్తుకున్నది.

"తెల్వదురా మల్లేశం" అన్నది. "నా ఒడి నిండ ఉన్నయి."